విప్పడానికి వీలుగా కుట్టండి: పాతకాలపు పరికిణీ, బుట్ట చేతుల జాకెట్టు మన చేత్తోనే

గన్నవరంలో మా ఇంటి బీరువాలో ఒక పట్టు పరికిణీ ఉంది. కుంకుమ రంగు, ఆకుపచ్చ అంచు. అంచుకి కాస్త పైన, చుట్టూ రెండు పట్టీల్లాగా గుడ్డ మిగతా చోట్ల కంటే ముదురుగా, ఇంకా కొత్తదనం పోనట్టు మెరుస్తూ ఉంటుంది. వెలుతురుకి పట్టుకుంటే ఆ పట్టీల అంచుల వెంట సూది దిగిన చిల్లులు వరసగా కనిపిస్తాయి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ ఆ పరికిణీ కుట్టి, లోపలికి రెండు మడతలు వేసి ఉంచింది. పదేళ్ళు వచ్చేసరికి ఒక మడత విప్పింది. పన్నెండేళ్ళకి రెండోది విప్పింది. ఎండా రాపిడీ తగలకుండా మడతలో దాగిన గుడ్డే ఆ ముదురు పట్టీలు. ఒక్క పరికిణీ ఐదేళ్ళ సంక్రాంతులు చూసింది.

పాతకాలపు బట్ట అనగానే మనకి బుట్ట చేతులు, నిండు మెడ, పెద్ద అంచు గుర్తొస్తాయి. అవి పైకి కనపడే అందం. దాని అసలు తెలివి లోపలి వైపు ఉంటుంది. రేపు ఎవరో విప్పుతారని, వదులు చేస్తారని, ఇంకో బట్టగా మారుస్తారని తెలిసే అప్పటివాళ్ళు కుట్టేవారు. ఈ వ్యాసంలో కొత్తగా మిషన్ ముందు కూర్చునేవాళ్ళ కోసం రెండు బట్టలు నేర్పుతాను: అమ్మమ్మ చీరతో పాపకి పరికిణీ, మీకు బుట్ట చేతుల జాకెట్టు. తర్వాత వాటిని మన కృష్ణా డెల్టా ఎండకీ తేమకీ ఎలా కాపాడుకోవాలో చెబుతాను.

ఈ మధ్య ఈ తరహా బట్టల మీద మళ్ళీ మోజు పుట్టింది. నటి సావిత్రి జీవితం మీద 2018లో వచ్చిన ‘మహానటి’ అందుకు ఒక పెద్ద కారణం. ఆ సినిమా దుస్తులకి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనారావు జాతీయ అవార్డు అందుకున్నారు. సావిత్రి పుట్టిన చిర్రావూరు మనకి కృష్ణ అవతలి ఒడ్డే. ఎలాంటి జాకెట్టు కావాలో నోటితో చెప్పలేకపోతే ఆవిడ నటించిన ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) ఒకసారి కళ్ళు పెట్టి చూడండి. చెయ్యి ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ బిగిసింది, మెడ ఎంత పైకి ఉంది అన్నవి కాగితం మీద గీసుకోండి. బ్లాక్ అండ్ వైట్ సినిమాలో రంగులు అడ్డురావు కాబట్టి కత్తిరింపు ఇంకా బాగా తెలుస్తుంది.

మొదట సిద్ధం చేసుకోవలసినవి

మిషన్: కాలితో తొక్కేదైనా, మోటారుదైనా సరే. ముందుకు తిన్నగా కుట్టు పడితే చాలు. కొత్తవాళ్ళకి తొక్కుడు మిషనే నయం, కాలు ఆపగానే సూది ఆగుతుంది. మొదలుపెట్టే ముందు మిషన్ నూనె రెండు చుక్కలు వేసి, బాబిన్ కేసులో పేరుకున్న నూగు దులపండి. దారం తెగుతోందని, కుట్టు వదులుగా పడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు అక్కడే తీరిపోతాయి.

సూదులు: మామూలు నూలు గుడ్డకి 14 నంబరు, పల్చటి నూలుకీ పట్టుకీ 11 నంబరు. మొద్దుబారిన సూది పట్టులో పోగుల్ని లాగేస్తుంది. అందుకే పట్టు మీదికి వెళ్ళేటప్పుడు కొత్త సూది ఎక్కించండి.

దారం: ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా బిగిసినప్పుడు తెగాల్సింది దారం, చిరగకూడనిది గుడ్డ. పాత చీర మీద గట్టి పాలిస్టర్ దారం వేస్తే అది కత్తిలా గుడ్డనే కోస్తుంది. పాత గుడ్డకి నూలు దారం వాడండి. తెగిన కుట్టు ఐదు నిమిషాల్లో మళ్ళీ వేసుకోవచ్చు.

ఇవి కాక టేపు, సుద్ద, గుడ్డకి మాత్రమే వాడే కత్తెర, గుండుసూదులు, కుట్లు విప్పే పనిముట్టు, పిన్నీసు, పాత న్యూస్ పేపర్లు, ఇస్త్రీపెట్టె. కాగితం కోసిన కత్తెరతో గుడ్డ కోయకండి, పదును పోతుంది.

గుడ్డ ఎక్కడ, ఎలాంటిది?

మనం గుడ్డకి కరువులేని చోట ఉన్నాం. గన్నవరం నుంచి ఇరవై కిలోమీటర్లు వెళితే బెజవాడ. వన్‌టౌన్ వస్త్రలతలో లైనింగు గుడ్డ, వాయిల్ తానుల్లోంచి కోయించుకోవచ్చు. బీసెంట్ రోడ్డులో హుక్స్, లేసులు, దారాలు దొరుకుతాయి. కృష్ణ దాటితే మంగళగిరి. అక్కడి గుంట మగ్గాల మీద నేసిన నూలు గుడ్డ గట్టిగా, పల్చగా ఉండి బుట్ట చేతికి సరిగ్గా సరిపోతుంది. గంజి పెడితే నిలబడుతుంది, ఒంటికి గాలీ తగులుతుంది. బందరు వైపు వెళితే పెడన. అక్కడ టేకు చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, బందరు పద్ధతిలో అచ్చు వేస్తారు.

ఆ పెడన పూల గుడ్డకి ఒక చరిత్ర ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బందరులో, అంటే మచిలీపట్నంలో, వర్తక స్థావరం పెట్టుకుంది. ఈ తీరం నుంచి పూల అద్దకపు గుడ్డలు ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. అక్కడి ఆడవాళ్ళు వాటి మీద ఎంత మనసు పడ్డారంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో ఆ గుడ్డల్ని నిషేధించింది. తర్వాత ఇంగ్లండూ అదే దారి పట్టింది. ఈనాడు పాతకాలపు ఇంగ్లీషు గౌన్ల మీద కనిపించే తీగలు, పూల వరసలకి మూలం వెతికితే ఇండియా తీరాల దగ్గరే తేలుతుంది, అందులో మన బందరుకి పెద్ద వాటా ఉంది. పెడన గుడ్డతో బుట్ట చేతులు కుట్టుకుంటే మన పువ్వు మన ఇంటికి తిరిగొచ్చినట్టే.

కొత్త నూలు గుడ్డ తేగానే కత్తెర పెట్టకండి. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయండి. నూలు మొదటి తడుపుకి కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు కుట్టకముందే అయిపోవాలి.

పాత చీర అయితే ముందు పరీక్ష చేయండి. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే పోగులు విడిపోయిన చోట్లు గీతల్లా వెలుగుతాయి. రెండు బొటనవేళ్ళ మధ్య గుడ్డని మెల్లగా అటూ ఇటూ లాగండి. పటపటమంటే పట్టు చచ్చిపోయిందన్నమాట. సాధారణంగా ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న చోట అలా జరుగుతుంది. ఆ భాగం వదిలేసి మిగతాది వాడుకోండి. అంచులో జరీ బాగుంటే ఒక్క అంచైనా దక్కుతుంది. చీర నిండుగా, కట్టుకోవడానికి పనికొచ్చేలా ఉంటే మాత్రం కోయొద్దు. అది చీరగానే బతకనివ్వండి.

మొదటి పని: పాపకి పరికిణీ

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి పాఠం లేదు. అన్నీ తిన్నని కుట్లే. ఉదాహరణకి ఎనిమిదేళ్ళ పాప, నడుము 22 అంగుళాలు, నడుము నుంచి చీలమండ దాకా 28 అంగుళాలు అనుకుందాం. మీ పాప కొలతలతో ఇదే లెక్క వేసుకోండి.

1. లెక్క. నడుం పట్టీ 2 అంగుళాలు పోతే కింది గుడ్డ 26 అంగుళాలు. పట్టీకి కలిపే కుట్టుకి అర అంగుళం. లోపలి మడత ఒక్కోటి ఒకటిన్నర అంగుళాల లోతు, అంటే మూడు అంగుళాల గుడ్డ తింటుంది. రెండు మడతలకి 6 అంగుళాలు. మొత్తం 32½ అంగుళాల ఎత్తు. కింద చీర అంచే ఉంటుంది కాబట్టి అక్కడ మడిచి కుట్టక్కర్లేదు.

2. కోత. చీర పన్నా సాధారణంగా 45, 46 అంగుళాలు ఉంటుంది. అంచు వైపు నుంచి 32½ అంగుళాలు కొలిచి గీసి, 79 అంగుళాల పొడవున కోయండి. పైన మిగిలే పట్టీని పారేయకండి, రెండో అంచుతో సహా అది పాప జాకెట్టు చేతులకి పనికొస్తుంది. నడుం పట్టీకి విడిగా మెత్తటి నూలు గుడ్డ 27 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు తీసుకోండి. పట్టు పట్టీ జారుతుంది, నడుముకి రాసుకుంటుంది.

3. వెనక కుట్టు. 79 అంగుళాల గుడ్డ రెండు చివర్లూ కలిపి అర అంగుళం లోపల కుట్టండి. పైన 5 అంగుళాలు కుట్టకుండా వదలండి. పాప వేసుకోవడానికి అదే దారి. వదిలిన అంచుల్ని సన్నగా రెండుసార్లు మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి.

4. మడతలు. వెనక కుట్టు అయ్యాకే మడతలు వేయాలి. ముందే వేస్తే వాటి చివర్లు ఆ కుట్టులో చిక్కుకుపోయి, రేపు విప్పేటప్పుడు పరికిణీ అంతా విప్పాల్సి వస్తుంది. గుడ్డని తిరగేయండి. కింది అంచు నుంచి 7 అంగుళాల దగ్గర, 10 అంగుళాల దగ్గర చుట్టూ సుద్ద గీతలు గీయండి. రెండు గీతల్నీ కలిపి పట్టుకుని గుండుసూదులు పెట్టి, ఆ గీత మీదే కుట్టండి. రెండో మడతకి 12, 15 అంగుళాల దగ్గర గీతలు. అంచు ఐదు అంగుళాల కంటే పెద్దదైతే ఈ గీతలన్నీ అంతే దూరం పైకి జరపండి. మిషన్ కుట్టు పొడవు 4 మీద పెట్టండి. పొడుగు కుట్టు విప్పడం తేలిక, చిల్లులూ తక్కువ పడతాయి. మడత లోపలివైపు, అంచు దిశగా వాలేలా ఇస్త్రీ చేయండి.

5. కుచ్చులు. పై అంచున అర అంగుళం వదిలి, ప్రతి మూడు అంగుళాలకీ సుద్ద చుక్క పెట్టండి. ప్రతి మూడు అంగుళాల్లో ఒక అంగుళం పైకి కనిపించాలి, మిగతా రెండూ మడిచి దాని కిందికి పోవాలి. అన్నీ ఒకే దిక్కుకి. 26 కుచ్చులు వస్తాయి. ఒక్కో కుచ్చుకీ గుండుసూది పెట్టి, అన్నీ అయ్యాక పచ్చికుట్టు (తర్వాత తీసేసే వదులు కుట్టు) వేయండి. ఇప్పుడు పై చుట్టు 26 అంగుళాలు ఉండాలి. తేడా వస్తే రెండు మూడు కుచ్చుల్ని కొద్దిగా సర్దండి. ఒక్క కుచ్చు మీదే తేడా అంతా నెట్టితే అది ఎత్తి చూపిస్తుంది.

6. నడుం పట్టీ, బొందు. పట్టీ చివర్లు అర అంగుళం లోపలికి మడిచి, పట్టీని కుచ్చుల మీద పరిచి కుట్టండి. తర్వాత పైకి తిప్పి, రెండుగా మడిచి, లోపలివైపు అంచు దాచి మళ్ళీ కుట్టండి. చివర్లు తెరిచే ఉండాలి. బొందుకి పిన్నీసు గుచ్చి ఒక చివర నుంచి ఇంకో చివరకి దూర్చండి. పట్టీ పాప నడుము కంటే 4 అంగుళాలు పెద్దది కాబట్టి, నడుము పెరిగినా బొందు సర్దుకుంటుంది.

పట్టు పరికిణీకి నూలు లైనింగు తప్పనిసరి. పట్టు మీద పడే లాగుడంతా అది మోస్తుంది. లైనింగు పైదానికంటే అంగుళం పొట్టిగా ఉండాలి. దానికీ రెండు మడతలు వేయడం మర్చిపోకండి. లేకపోతే పై మడత విప్పిన రోజున లోపలిది మోకాళ్ళ దగ్గరికి ఎక్కి కూర్చుంటుంది.

రెండో పని: బుట్ట చేతుల జాకెట్టు

కొలతలు పెట్టి జాకెట్టు గీయడం కొత్తవాళ్ళని బెదరగొడుతుంది. అందుకు దగ్గర దారి ఉంది. మీకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు, ఇక వేసుకోనిది, ఒకటి తీసుకుని సగం విప్పేయండి: ఒక ముందు భాగం, సగం వెనక, ఒక చెయ్యి. దర్జీ ఎక్కడ ఎంత గుడ్డ వదిలాడు, ఒంటి వంపుకి గుడ్డ మడిచి కుట్టే డాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నవన్నీ ఆ పాత కుట్టు గుర్తులే చెప్తాయి. జాకెట్టు విప్పిన మధ్యాహ్నం, పది పుస్తకాల పాఠం. ముక్కల్ని ఇస్త్రీ చేసి న్యూస్ పేపర్ మీద పరిచి గీసుకోండి. మన దర్జీలు ఆది జాకెట్టు అడిగేది ఇందుకే.

ఆ ఆదికి మూడు మార్పులు చేయాలి. వెనక మెడ లోతు 3 అంగుళాల దగ్గర, ముందు మెడ 4 అంగుళాల దగ్గర గుండ్రంగా గీయండి, మెడ వైపు భుజం అర అంగుళం దాకా లోపలికి పెంచండి. కింద పొడవు అంగుళమో ఒకటిన్నర అంగుళాలో పెంచండి, ఆనాటి జాకెట్టు నడుము మీదికి దిగేది. ఒంటి పక్కలకీ చేతి పక్కలకీ లోపల ఒకటిన్నర అంగుళాల గుడ్డ వదలండి. హుక్స్ ముందు వైపే పెట్టండి, అప్పుడు నిండు మెడ తలకి పట్టదన్న బాధ ఉండదు. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ ఒక మీటరు సరిపోతుంది. ఒళ్ళు నిండుగా ఉన్నవాళ్ళు మీటరుంపావు తీసుకోండి.

బుట్ట చెయ్యి కాగితం మీద

1. మామూలు చేతిని కాగితం మీద గీయండి, పొడవు 6 అంగుళాలు చాలు. నిలువుగా నాలుగు గీతలు గీసి ఐదు ముక్కలుగా కోయండి.

2. ఇంకో పెద్ద కాగితం మీద ఆ ముక్కల్ని వరసగా, ఒక్కో సందులో అంగుళం ఖాళీ వదిలి అంటించండి. చెయ్యి 4 అంగుళాలు వెడల్పయింది.

3. పైన భుజానికి తగిలే వంపు మధ్యలో ఒకటిన్నర అంగుళాలు ఎత్తు పెంచి, రెండు పక్కలకీ క్రమంగా తగ్గించి పాత గీతలో కలిపేయండి. బుట్ట పైకి లేవడానికి ఈ ఎత్తే కారణం. వెడల్పు ఒక్కటే పెంచి ఎత్తు మర్చిపోతే చెయ్యి ఉబ్బదు, సంచిలా వేలాడుతుంది.

4. చేతి పట్టీ: మీ చెయ్యి చుట్టుకొలతకి ఒక అంగుళం వదులు, రెండు చివర్లా ఒకటిన్నర చొప్పున మూడు అంగుళాలు కుట్లకి కలపండి. చుట్టుకొలత 11 అయితే 15 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు. చీర అంచు ముక్క ఇక్కడ వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

మొదటిసారి పాత పంచె మీదో చిరిగిన వాయిల్ చీర మీదో కోసి, పచ్చికుట్టు వేసి, తొడుక్కుని చూడండి. చేతులు పైకెత్తండి, ముందుకు చాపండి. ఎక్కడ పట్టేసిందో అక్కడ కాగితం సరిచేసుకుని, తర్వాతే మంచి గుడ్డ కోయండి.

కుట్టే వరస

1. ముందు డాట్లు కుట్టండి. చివర్లో వెనక్కి తొక్కకుండా, దారం వదిలి ముడి వేయండి. డాట్ మొన మెత్తగా వస్తుంది.

2. భుజాలు కలపండి. హుక్స్ పట్టీ, కాజా పట్టీ వేయండి. మెడకి ఏటవాలుగా కోసిన క్రాస్ ముక్కతో పైపింగ్ తిప్పండి.

3. చేతి పై వంపు వెంట, అర అంగుళం లోపు, పక్కపక్కనే రెండు వరసలు పొడుగు కుట్లు వేయండి. రెండు చివరలా రెండున్నర అంగుళాలు వదిలేయండి, చంక దగ్గర కుచ్చు ఉంటే ఒరుసుకుంటుంది. కింది దారాలు రెండూ కలిపి పట్టి మెల్లగా లాగండి. గుడ్డ ముడుచుకుంటుంది. ఆ ముడతలన్నీ భుజం దగ్గరికి చేరేలా వేళ్ళతో సర్దండి. రెండు వరసలు వేస్తే ముడతలు నిలువుగా, పొందికగా కూర్చుంటాయి. ఒక్క వరస వేస్తే అటూ ఇటూ తిరిగిపోతాయి.

4. చేతి కింది అంచుని కూడా అలాగే ముడిచి పట్టీకి కలపండి. పట్టీ మడిచి లోపల హెమ్మింగ్ చేయండి.

5. ఇప్పుడు చేతిని భుజానికి కుట్టండి. జాకెట్టు పక్కలు ఇంకా తెరిచే ఉండాలి.

6. ఆఖరున చేతి పట్టీ నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే కుట్టు. వరస ఇలా పెట్టడం వల్ల రేపు జాకెట్టు బిగుసుకుంటే ఆ ఒక్క కుట్టు విప్పి పక్కకి జరిపితే చాలు, చెయ్యీ ఒళ్ళూ కలిసే వదులవుతాయి. లోపలి అంచుల్ని కత్తిరించి చిన్నవి చేయకండి. పోగులు రాకుండా చేత్తో చుట్టుకుట్టు వేయండి.

7. హుక్స్ ఆరు చాలు. తుప్పు పట్టనివి అడిగి కొనండి. ఇనుప హుక్కు మన తేమకి ఒక్క వానాకాలంలో తుప్పు మరక వదులుతుంది. కాజాలు చేత్తోనే వేయండి. మొదటి రెండూ వంకరగా వచ్చినా ఆరోది మీకే నచ్చుతుంది.

చంక లోపల అరచేతి అంత మెత్తటి నూలు ముక్కని నాలుగు టాకాలతో అతికించండి. చెమట అది పీలుస్తుంది. విప్పి ఉతికి మళ్ళీ పెట్టుకోవచ్చు. పట్టు జాకెట్టు ఎక్కువకాలం నిలవడానికి దీనిని మించిన ఉపాయం నాకు తెలియదు.

ఉతుకు

రంగు గుడ్డకి రాళ్ళుప్పు వేస్తే రంగు కట్టుకుంటుందని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం. అద్దకం జరిగేటప్పుడు ఉప్పు రంగుని గుడ్డలోకి ఎక్కిస్తుంది, అది నిజమే. ఇంటికొచ్చిన గుడ్డలో వదులుగా ఉన్న రంగుని మాత్రం అది పట్టి ఉంచలేదు. పనికొచ్చేవి మూడే: చన్నీళ్ళు, విడిగా ఉతకడం, నానబెట్టకుండా త్వరగా తీసేయడం.

పెడన కలంకారీలో సహజ రంగులైతే ఇంకో జాగ్రత్త. ఆ నలుపు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పుడుతుంది. నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు తగిలితే అది వెలిసిపోతుంది. మరక పడిందని నిమ్మచెక్క రుద్దకండి.

పట్టుకి కుంకుడుకాయ ఉంది. ఎనిమిది పది కాయలు చితక్కొట్టి గింజలు తీసి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డతో వడకట్టండి. ఆ నురగని బకెట్ చన్నీళ్ళలో కలిపి, పట్టుని రెండు మూడు నిమిషాలు ముంచి తీయండి. రుద్దొద్దు, మెలిపెట్టి పిండొద్దు. తువ్వాలులో చుట్టి నొక్కితే నీరు అదే పోతుంది. తెల్ల పట్టుకి మాత్రం కుంకుడు వాడకండి, కాస్త గోధుమ ఛాయ వస్తుంది.

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రగా మారితే కంగారుపడకండి, పసుపు స్వభావం అంత. తెల్ల నూలు అయితే ఉతికి ఎండలో వేయండి, పసుపుకి ఎండ పడదు, రెండు మూడు ఎండలకి వెలిసిపోతుంది. ఆవకాయ నూనె పడితే వెంటనే టాల్కం పౌడరు చల్లి, అది నూనె పీల్చాక దులిపి, తర్వాత ఉతకండి.

గంజి, ఇస్త్రీ

బుట్ట చేతికి ప్రాణం గంజిలో ఉంది. అన్నం వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడకట్టండి, ఒక్క మెతుకు మిగిలినా గుడ్డ మీద తెల్లగా అతుక్కుంటుంది. ఒక గ్లాసు చిక్కటి గంజికి నాలుగైదు గ్లాసుల నీళ్ళు కలిపి జాకెట్టు అంతా ముంచండి. తర్వాత చేతుల్ని మాత్రం కాస్త చిక్కటి గంజిలో మరోసారి ముంచండి. తిరగేసి నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరకముందే, కొంచెం చెమ్మ ఉండగా ఇస్త్రీ చేయాలి. బుట్టని పెట్టె కింద అణచకండి. లోపల చిన్న తువ్వాలు ఉండలా చుట్టి పెట్టి, పెట్టె మొనతో కుచ్చుల మధ్యకి వెళ్ళండి. పట్టుని తిరగేసి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద చేయండి.

దాచడం

మనది నీటి నేల. వేసవిలో ఎండ రంగు తాగేస్తుంది, వానలు, తుఫానుల నెలల్లో తేమ బూజు పట్టిస్తుంది. రెండిటికీ విరుగుడు కావాలి.

గంజితో ఉన్న బట్టని నెలల తరబడి దాచకండి. గంజి బొద్దింకలకీ పురుగులకీ తిండి. దాచేముందు గంజి పోయేలా నీళ్ళలో జాడించి, బాగా ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. పాత మెత్తటి తెల్ల పంచె ముక్కలో చుట్టండి. కలరా ఉండలు వేస్తే చిన్న గుడ్డ మూటలో కట్టి మూలకి పెట్టండి, జరీకి తగలకూడదు. సెంటు కూడా జరీ మీద కొట్టొద్దు, నల్లబడుతుంది. వేపాకు వేసేటట్టయితే గలగలలాడేలా ఎండాకే వేయండి, పచ్చి ఆకు మరక చేస్తుంది.

మూడు నెలలకొకసారి పట్టుబట్టలు తీసి, మడత గీత మార్చి మళ్ళీ మడవండి. కార్తీకం తుఫానుల ముప్పు తప్పి గాలి పొడిబారాక ఒక పూట బీరువా ఖాళీ చేసి, ఎండ నేరుగా తగలని చోట బట్టలన్నీ గాలికి ఆరబెట్టండి. పండక్కి ముందు ఇల్లు దులిపే రోజుల్లోనే ఈ పనీ పెట్టుకుంటే మర్చిపోరు.

చిన్న చిరుగు కనపడిన రోజే కుట్టేయండి. పక్కలో వదిలిన గుడ్డలోంచి నాలుగు పోగులు లాగి వాటితోనే రఫ్ఫు చేస్తే రంగు సరిగ్గా కలిసిపోతుంది. లోపల గుడ్డ వదలడం వల్ల దక్కే ఇంకో లాభం ఇది.

విప్పే రోజు

ఏడాదో రెండేళ్ళో గడిచాక పాప పరికిణీ చీలమండ పైకి ఎక్కుతుంది. ఆ రోజు మొదటి మడత విప్పండి. మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, ఇంకో వైపు దారం లాగితే మెత్తగా వచ్చేస్తుంది. నూలులో చిల్లులు ఒక ఉతుకుకి పూడుకుంటాయి. పట్టులో మిగిలిపోతాయి. మిగలనివ్వండి. ఆ గీతని కప్పడానికి లేసు వేయమని దుకాణంలో చెప్తారు, ఇష్టమైతే వేసుకోండి. నేను మాత్రం మా పరికిణీ మీద గీతల్ని అలాగే ఉంచాను. ఈసారి సంక్రాంతికి దాన్ని మా పాపకి తొడగాలని ఉంది. తనకిప్పుడు ఎనిమిదేళ్ళు. పొడవు తగ్గించాలంటే మళ్ళీ రెండు మడతలు వేయాలి. కొలవడానికి టేపు తీశాను గానీ అవసరం రాలేదు. అమ్మమ్మ సూది గుచ్చిన చిల్లుల వెంటే కుట్టుకుంటూ పోతే సరిపోయింది.